ఫ్లోరైడును పట్టే పదార్థాలు – మనం పట్టవలసిన లెక్క

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "డి.ఎ. బకాయిల జోలికి పోవద్దు, దానికి వేరే వక్తలున్నారు. మీరేదైనా విజ్ఞానశాస్త్రం మీద చెప్పండి" అన్నారు. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. కాకపోతే ఏ సంగతైనా ఫైలు చదివినట్లు మొదటి కాగితం నుంచి చదవడం అలవాటు. అలా చదివిన ఒక ఫైలునే ఈరోజు మీ ముందు పెడుతున్నాను. అది మనం తాగే నీళ్ళ ఫైలు.

పదార్థ విజ్ఞానం అని ఒక శాస్త్రం ఉంది. ఇనుము, సిమెంటు, గాజు, ప్లాస్టిక్కు, పింగాణీ వంటివి లోపల ఎలా అమరి ఉన్నాయి, ఆ అమరిక వల్ల వాటికి ఏ గుణం వచ్చింది, ఆ గుణాన్ని మన పనికి ఎలా మలచుకోవాలి అన్నదే దాని విచారణ. హైదరాబాదులో 1963లో ఏర్పడిన రక్షణ లోహ పరిశోధనాలయం, 1973లో పెట్టిన మిశ్రధాతు నిగమ్ ఈ శాస్త్రం మీద నడిచే సంస్థలే. మన చిన్నప్పటి మార్కాపురం పలకనే చూడండి. బురద కోట్ల సంవత్సరాలు అదిమిపెట్టబడి, లోపలి ఖనిజపు రేకులన్నీ ఒకే దిక్కుకు పడుకున్నాయి గనుకనే పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది. అవే ఖనిజాలు అడ్డదిడ్డంగా ఉంటే అది ఉత్త రాయి. మనకు అక్షరాలు వచ్చింది ఆ అమరిక పుణ్యమే.

రాకెట్టు రేకులకూ పలకలకూ వర్తించే ఈ శాస్త్రం మన ఒంట్లో ఎముకకూ వర్తిస్తుంది, మన ఇంట్లో నీళ్ళ ఫిల్టరుకూ వర్తిస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సంబంధమే నా ప్రసంగ విషయం.

ఫైలులో మొదటి కాగితం

వెలికొండలకు పడమట పలకరాయి. తూర్పున గ్రానైటు, నైసు జాతి రాళ్ళు. ఈ తూర్పు రాళ్ళలోని అభ్రకం, అపటైటు వంటి ఖనిజాలలో ఫ్లోరిను ఉంటుంది. వానలు తక్కువ పడి, నీరు ఏళ్ళ తరబడి రాతి పగుళ్ళలో నిలిచి ఉండే చోట అది ఫ్లోరైడు రూపంలో కొంచెం కొంచెంగా కరుగుతుంది. నీటిలో సున్నపు పాలు ఎక్కువగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి కొంత అడుగుకు దిగుతుంది. సోడా గుణం ఎక్కువై, సున్నం తక్కువైన నీటిలో మాత్రం అలాగే ఉండిపోతుంది. బోరు ఎంత లోతుకు దింపితే అంత మంచి నీళ్ళు పడతాయన్న మన నమ్మకం ఈ విషయంలో పనిచేయదు. లోతు నీళ్ళు రాతితో ఎక్కువ కాలం కాపురం చేసిన నీళ్ళు.

1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవని మీకు గుర్తుండే ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. 1972లో ఒంగోలు జిల్లా ప్రకాశం జిల్లా అయింది. జిల్లాల చరిత్ర ఎందుకంటే, మన జబ్బు మొదటి కాగితం నెల్లూరు పేరు మీద ఉంది. 1935లో విశ్వనాథన్ అనే ఆయన మద్రాసు రాజధానిలో పశువులకు ఫ్లోరోసిస్ ఉన్నట్లు రాశారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో, మద్రాసు రాజధానిలో మనుషులకు ఈ జబ్బు స్థానికంగా పాతుకుపోయి ఉన్నదని ప్రకటించారు. వారు చూసిన రోగులు నెల్లూరు జిల్లా వారు. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద ఎవరు ఏ గ్రంథం రాసినా ఆ 1937 కాగితం నుంచే మొదలుపెడతారు. 1940లో సి.జి. పండిట్, రాఘవాచారి మొదలైనవారు ఇంకా విస్తారంగా పరిశీలించి, నీటితోపాటు తిండికీ ఇందులో పాత్ర ఉందన్నారు. నల్లగొండ సంగతిని డాక్టర్ సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

అంటే నేను పుట్టక ముందే రోగమేమిటో తేలింది, కారణమేమిటో తేలింది. మందు మాత్రం లేదు. ఇవాళ్టికీ లేదు. వంగిన నడుమును తిరిగి నిలబెట్టే మాత్ర ఏ దేశంలోనూ తయారు కాలేదు. ఉన్నదల్లా, నీళ్ళలోంచి ఫ్లోరైడును తీసే పదార్థాలు. అందుకే ఇది వైద్యుల ఫైలు నుంచి ఇంజనీర్ల, పదార్థ శాస్త్రజ్ఞుల ఫైలులోకి వచ్చింది.

ఎముక ఎందుకు చిక్కింది

మన ఎముకలో, పంటి పింగాణీలో ఉండే గట్టి పదార్థం కాల్షియం ఫాస్ఫేటుతో అమరిన ఒక స్ఫటికం. దాని పేరు హైడ్రాక్సీ అపటైటు. అందులో వరుసగా హైడ్రాక్సిల్ అనే అణువులకు స్థానాలుంటాయి. ఫ్లోరైడు దాదాపు అదే పరిమాణంలో, అదే విద్యుదావేశంతో ఉంటుంది. కనుక ఆఫీసులో సెలవు మీద పోయిన గుమాస్తా కుర్చీలో ఇంకొకరు వచ్చి కూర్చున్నట్లు, అది ఆ స్థానంలో కూర్చుంటుంది. ఒకసారి కూర్చుంటే త్వరగా లేవదు. ఆ స్ఫటికం మునుపటికంటే బిగుతుగా, కరగనిదిగా తయారవుతుంది.

కొద్దిగా అయితే ఇది పంటికి మేలే. పుచ్చిపోకుండా కాపాడుతుంది. మితం దాటితే ఎముక ఎక్స్‌రేలో చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది గాని పెళుసైపోతుంది. ఉండకూడని చోట, అంటే కీళ్ళ చుట్టూ నరాల్లాంటి కట్లలో, వెన్నుపూసల మధ్య, సున్నం పేరుకుంటుంది. వెన్ను కర్రలా బిగుసుకుంటుంది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. కింద కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. మన ఊళ్ళల్లో ఇలాంటి పెద్దలను చూడనివారు ఈ సభలో ఉండరు.

పిల్లల సంగతి వేరు. పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళే గారపళ్ళకు కారణం. ఆ వయసు దాటాక మంచి నీళ్ళు తాగించినా మచ్చ పోదు. కనుక ఈ ఏడు పుట్టిన పిల్లవాడి పళ్ళ లెక్క ఈ ఎనిమిదేళ్ళలోనే తేలిపోతుంది.

మన భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చు. వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒకటిన్నర గ్రాము, ఒక చిటికెడు ఉప్పు పాటి. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. "తియ్యగానే ఉండాయి గదయ్యా, ఈ నీళ్ళల్లో ఏముండాది?" అని అడిగే ముసలమ్మ మాట అబద్ధం కాదు. నాలుకకు అందని సంగతి అది. కాచితే పోతుందా అంటే పోదు. నీరు ఆవిరై, మిగిలిన నీటిలో ఫ్లోరైడు మరి కొంచెం చిక్కబడుతుంది.

అల్యూమినియం కంపెనీ రసాయనికుడు

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. అమెరికాలో మెకే అనే పళ్ళ డాక్టరు 1901 నుంచి కొలరాడోలో గారపళ్ళ కారణం కోసం వెతికాడు. ముప్పై ఏళ్ళు తేలలేదు. చివరికి 1931లో కనిపెట్టింది డాక్టరు కాదు, ఒక అల్యూమినియం కంపెనీలోని చర్చిల్ అనే రసాయనికుడు. ఆర్కాన్సాస్ రాష్ట్రంలో బాక్సైట్ అనే పేరుగల ఊళ్ళో కంపెనీ వారి గనులున్నాయి. అక్కడి పిల్లలకు గారపళ్ళు వచ్చాయి. నింద అల్యూమినియం గిన్నెల మీదికి వస్తుందేమోనన్న భయం కంపెనీది. చర్చిల్ ఆ ఊరి నీళ్ళను పరీక్షిస్తే లీటరుకు 13 మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడు తేలింది.

విచిత్రమేమిటంటే, ఫ్లోరైడుకు ఎముకలోని కాల్షియం మీద ఎంత మక్కువో, అల్యూమినియం మీదా అంత మక్కువ. దాన్ని కనిపెట్టినది అల్యూమినియం మనిషి, నీళ్ళలోంచి లాగడానికి ఎక్కువగా వాడుతున్నదీ అల్యూమినియం పదార్థాలే. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

నాలుగు పదార్థాలు

మొదటిది మన కిరాణా కొట్టులో దొరికే పటిక. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, నీరీ, 1970లలో ఒక పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. నీళ్ళలో సున్నం, బ్లీచింగు పొడి, పటిక కలిపి, ముందు జోరుగా, తరువాత మెల్లగా కలియబెడతారు. పటికలోని అల్యూమినియం తెల్లని దూది పింజల్లా విడివడి, ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. గంటసేపు తేర్చి పైనీళ్ళు వంచుకోవాలి. ఊరికీ చేయవచ్చు, ఇంట్లో బకెట్టులోనూ చేయవచ్చు. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు చాలు. పటిక మాత్రం నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు పడుతుంది. తక్కువైతే ఫ్లోరైడు మిగులుతుంది, లెక్క తప్పితే అల్యూమినియం నీళ్ళలో మిగులుతుంది. అడుగున దిగిన మడ్డిని బావి గట్టున పారబోస్తే మళ్ళీ భూమిలోకే.

రెండవది ఉత్తేజిత అల్యూమినా. అల్యూమినియం ఆక్సైడును ప్రత్యేకంగా వేడిచేసి, లోపల లెక్కలేనన్ని సన్నని రంధ్రాలుండేలా తయారు చేసిన తెల్లని గుళికలు. ఒక్క గ్రాము గుళికల లోపలి గోడల వైశాల్యం 200 చదరపు మీటర్లకు పైమాటే. మన లెక్కలో దాదాపు అయిదు సెంట్ల ఇంటి స్థలం. మూడు కిలోలు పోసిన ఇంటి ఫిల్టరులో దాదాపు నూట యాభై ఎకరాలున్నట్లు! పట్టా లేదు గాని పని మాత్రం చేస్తుంది. నీరు ఆ గోడల మధ్య నుంచి పోతుంటే ఫ్లోరైడు గోడలకు అంటుకుంటుంది. కాన్పూరు ఐ.ఐ.టి. వారు యూనిసెఫ్ సహాయంతో 1990లలో దీనితో ఇంటి ఫిల్టర్లు రూపొందించి పల్లెల్లో వాడించారు.

మూడవది ఎముకల బొగ్గు. పశువుల ఎముకలను గాలి తక్కువగా తగిలేలా కాల్చి నలగ్గొట్టిన పొడి. కెన్యా, టాంజానియా దేశాలలో వాడారు. మన ఎముక ఏ గుణం వల్ల ఫ్లోరైడుకు చిక్కిందో, ఈ బొగ్గు అదే గుణం వల్ల ఫ్లోరైడును చిక్కించుకుంటుంది. శాస్త్రంగా చక్కని సంగతి. అయితే మన ఇళ్ళల్లో ఎముకల మీదుగా వచ్చిన నీళ్ళు ఎవరు తాగుతారు? పదార్థం పనిచేసినా మనసు ఒప్పుకోవాలి గదా. అందుకే మన దేశంలో అది నిలదొక్కుకోలేదు.

నాలుగవది ఇప్పుడు ఊరూరా ఉన్న ఆర్.ఓ. ప్లాంటు. అందులో అసలు సంగతి ఒక పలుచని పాలిమరు పొర. వడపోసే భాగం మందం తల వెంట్రుకలో మూడు వందల వంతుకు మించదు. నీటిని ఒత్తిడితో నెడితే నీరు అటు పోతుంది, లవణాలూ ఫ్లోరైడూ చాలా భాగం ఇటే మిగులుతాయి. ఇలాంటి పొరను పనికివచ్చేలా తొలిసారి చేసినవారు 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో లోబ్ అనే ఆయన, మన భారతదేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్. ఆ పద్ధతి మీద 1965లో కోలింగా అనే ఊరికి నీళ్ళిచ్చారు. మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కూడా పొరల మీద పరిశోధన చేస్తూ, ఫ్లోరైడు పల్లెలకు పనికివచ్చే చిన్న ప్లాంట్లను తయారుచేసింది. దీనికీ ఒక ఖర్చుంది. లోపలికి పోసిన నీళ్ళలో చాలాభాగం, కొన్ని ప్లాంట్లలో సగందాకా, చిక్కని ఫ్లోరైడుతో బయటికి పోతాయి. ఆ నీళ్ళు ప్లాంటు వెనక గుంతలో ఇంకితే, రేపు మన బోరులోకే వస్తాయి.

నిండిన రిజిష్టరు

ఈ నాలుగింటికీ ఒక సామాన్య లక్షణముంది. ప్రతిదానికీ ఒక హద్దు ఉంది. అల్యూమినాను లెక్కకు తీసుకుందాం. మన నీటిలో గ్రాముకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడును పట్టుకుంటుందనుకుందాం. మూడు కిలోలు 6,000 మిల్లీగ్రాములు పట్టాలి. లీటరు నీటినుంచి 3 మిల్లీగ్రాములు తీయాలంటే 2,000 లీటర్లకు దాని శక్తి సరి. రోజుకు 20 లీటర్లు వాడే ఇంట్లో వంద రోజులు. నూట ఒకటవ రోజు నుంచి గోడలు నిండిపోయి ఉంటాయి. కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేసి మళ్ళీ పనిలోకి తేవాలి. తేకపోతే?

తేకపోయినా కుళాయి తిప్పితే నీళ్ళు వస్తూనే ఉంటాయి. తేటగానే ఉంటాయి. తియ్యగానే ఉంటాయి. ఇక్కడే ఉంది ప్రమాదం. బల్బు మాడితే చీకటి పడుతుంది, పంపు చెడితే నీళ్ళు ఆగుతాయి, ఫ్లోరైడు ఫిల్టరు చెడితే ఏమీ తెలియదు. ఫిల్టరు ఉందన్న ధైర్యంతో ఇంటిల్లిపాదీ తాగుతారు. పొర చిరిగినా, అరిగినా అంతే.

నా సర్వీసులో ఒక ఊరి సంగతి చూశాను. ఊరి పేరు, ఆఫీసు పేరు అనవసరం. ట్యాంకు పక్కన ఫ్లోరైడు తీసే యూనిట్ కట్టారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కట్టడానికి పద్దు ఉంది గాని, రసాయనాలు కొనడానికి లేదు. ఇండెంటు ఎవరు పెట్టాలన్న దాని మీద ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కాగితాలు తిరిగాయి. కాగితాలు తిరుగుతున్నంత కాలం నీళ్ళు మాత్రం ఆ యూనిట్ గుండానే పోయాయి. ఊరివారు వాటిని శుద్ధి చేసిన నీళ్ళనే అనుకున్నారు. ఆ ఊళ్ళో యూనిట్ కట్టిన తరువాత పుట్టిన పిల్లలకు కూడా గారపళ్ళు వచ్చాయి.

పరిశోధన తన పని చేసింది. ఇంకా కొత్త పదార్థాల కోసం ప్రయోగశాలల్లో పని జరుగుతూనే ఉంది, జరగాలి కూడా. కానీ కొత్తగా ఏ పదార్థం వచ్చినా దానికీ నిండే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజును గుర్తించడం ప్రయోగశాల పని కాదు, ఊరి పని. సూటిగా చెప్పాలంటే ఒక రిజిష్టరు, దానిలో తేదీ వేసి రాసే ఒక మనిషి. మిత్రులారా, ముప్పై, నలభై ఏళ్ళు మనం చేసింది ఏమిటి? రిజిష్టర్లు రాయడమే కదా!

మనం చేయగలిగింది

కనుక సంఘం ముందు నా సూచనలు పెడుతున్నాను.

ఒకటి, మన మండలంలో కొనకనమిట్ల, చినారికట్ల, పెదారికట్ల, గొట్లగట్టు మొదలుకొని ఏ ఊళ్ళో తాగునీటి ప్లాంటు ఉన్నా, ప్రైవేటుదైనా పంచాయతీదైనా, అక్కడ ఒక పుస్తకం ఉండాలి. లోపలికి వచ్చే నీటిలో ఫ్లోరైడు ఎంత, బయటికి వచ్చే నీటిలో ఎంత, పరీక్ష తేదీ, పొర మార్చిన తేదీ. నాలుగే కాలమ్‌లు. ఆ ఊరి పెన్షనరు ఒకరు నెలకొకసారి ఆ పుస్తకం చూసి సంతకం చేయాలి.

రెండు, పరీక్ష. ఎండలు ముదిరినప్పుడు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి. మధ్యలో చేతి కిట్టు చాలు. అందులో జిర్కోనియం కలిసిన ఎర్రని రంగు మందు ఉంటుంది. నీళ్ళలో ఫ్లోరైడు ఉంటే జిర్కోనియాన్ని అది లాక్కుని, ఎరుపు పసుపు వైపుకు తిరుగుతుంది. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు ఈ కిట్టు వాడకంలో శిక్షణ ఇవ్వాలని నిర్ణయించారు. మన ఊళ్ళో ఆ అమ్మాయిలు ఎవరో కనుక్కుని, వారికి తోడు నిలబడదాం. పరీక్ష వారు చేస్తారు, పుస్తకం మనం రాద్దాం.

మూడు, వంట. క్యాను నీళ్ళు తాగుతూ, బోరు నీళ్ళతో అన్నం, పప్పు, టీ చేస్తున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అన్నం పీల్చుకున్న నీళ్ళూ మన కడుపులోకే. తేయాకులో స్వతహాగా ఫ్లోరైడు ఉంటుంది. వంటకు కూడా మంచి నీళ్ళే వాడాలని ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పడం కాదు, ఆ రెండో క్యాను మనం మోసుకురావాలి.

నాలుగు, తిండి. కడుపులో కాల్షియం ఉంటే ఫ్లోరైడు కొంతవరకు రక్తంలోకి పోకుండా దానితోనే వెళ్ళిపోతుంది. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పిల్లలకు రాగిజావ, మజ్జిగ ఇవ్వండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రకటించారు. చింతపండు పులుసు మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే పులుసు తాగి బోరు నీళ్ళు తాగుదామనుకోకండి. ముందు నీళ్ళు, తరువాతే తిండి.

మన ప్రాంతంలో కొన్ని ఊళ్ళకు సాగరు నీళ్ళు పైపుల మీద చేరాయి. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. నది నీరు ప్రతి ఇంటికీ రావడమే దీనికి శాశ్వత పరిష్కారం. దాని కోసం అర్జీలు పెడదాం, అడుగుదాం. అయితే పైపు నీళ్ళు వచ్చిన ఊళ్ళలో కూడా, మోటారు చెడిన వారం రోజులు మళ్ళీ బోరు నీళ్ళే దిక్కు. కాబట్టి ఆ పుస్తకం అప్పుడూ అవసరమే.

మనలో చాలామందికి నడుములు ఇప్పటికే ఆ లెక్క చెల్లించేశాయి. అది తిరిగి వచ్చే బకాయి కాదు. మన మనవల, మనవరాళ్ళ లెక్క మాత్రం ఇంకా తెరిచే ఉంది. ఎనిమిదేళ్ళు ఒక పుస్తకం తప్పకుండా రాస్తే, ఈ ఏడు పుట్టిన పిల్లలు తొమ్మిదో ఏట తెల్లని పళ్ళతో నవ్వుతారు.

ఈ సూచనలను తీర్మానంగా స్వీకరించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. కొనకనమిట్ల ఊరి పుస్తకం నేను రాస్తాను. మిగతా ఊళ్ళకు పేర్లు ఈ సభ ముగిసేలోగా కార్యదర్శిగారికి ఇవ్వండి.